‘సిన్స్’ను తడబడకుండా వాడటం ఎలా? మన ‘నుంచి’తో మొదలుపెట్టి నేర్చుకుందాం

“ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్.”

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా ఈ వాక్యం వినిపిస్తుంది. మాట్లాడేవాళ్ళకు తెలుసు, ఎక్కడో తేడా ఉందని. ఎక్కడో మాత్రం పట్టుకోలేరు. “పాయింట్ ఆఫ్ టైమ్ అయితే సిన్స్, పీరియడ్ ఆఫ్ టైమ్ అయితే ఫర్” అని బళ్ళో అందరం బట్టీ పట్టినవాళ్ళమే. కానీ మాట్లాడే వేగంలో ఆ సూత్రం గుర్తు రాదు.

ఇది ఎలా సరిచేసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. నేను వారాంతాల్లో మా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పిల్లలతో కూర్చుని చేయించే పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం అక్కర్లేదు. మీకు తెలుగు బాగా వస్తే చాలు, సగం పని అయినట్టే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక కాగితం, పెన్ను
- మీ గురించి మీరు రోజూ చెప్పే అయిదు ‘నుంచి’ వాక్యాలు, తెలుగులో రాసినవి. ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం, చదువు, స్నేహితులు: ఒక్కోదానికి ఒక్కటి
- వారం పాటు రోజుకు పది నిమిషాలు

ఆ అయిదు వాక్యాలు ఇప్పుడే రాసేయండి. చదువుతూ పోతుంటే వాటితోనే పని.

## 1. చిక్కు ఎక్కడుందో చూడండి

ఈ మూడు వాక్యాలు చదవండి.

- మూడేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.
- 2021 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.
- రేపటి నుంచి ఇక్కడ పనిచేస్తాను.

మనకు మూడు చోట్లా ఒకటే మాట. ‘నుండి’ అనేవాళ్ళకూ అంతే. ఇంగ్లీషులో మాత్రం మూడు వేరు వేరు మాటలు: మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్, మూడోదానికి ఫ్రమ్. మన బుర్రలో నుంచి అంటే సిన్స్ అని ఒకే అరలో పడిపోయింది కాబట్టి మూడు చోట్లా సిన్సే బయటికొస్తుంది.

ఇంకో సంగతి. పక్క సీటు కన్నడిగులు ‘మూరు వర్షదింద’ అంటారు, హిందీవాళ్ళు ‘తీన్ సాల్ సే’ అంటారు. వాళ్ళ ‘ఇంద’, ‘సే’ కూడా మన ‘నుంచి’ లాంటివే. అందుకే బెంగళూరు ఆఫీసుల్లో ఈ తప్పు ఎవరి చెవికీ తగలదు. మనలో మనకు అర్థమైపోతుంది కూడా. బయటి దేశం క్లయింటుతోనో, ఇంటర్వ్యూలోనో మాట్లాడినప్పుడే తేడా కొడుతుంది.

## 2. ‘గా’ పెట్టి చూడండి

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. ఇంగ్లీషు వాక్యం నోట్లోకి రాకముందే, తెలుగులో ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టండి.

మూడేళ్ళ నుంచి → మూడేళ్ళుగా. బాగా కుదిరింది. అయితే ఫర్.

2021 నుంచి → 2021గా. కుదరలేదు. అయితే సిన్స్.

మరికొన్ని చూద్దాం.

- పది రోజుల నుంచి → పది రోజులుగా. కుదిరింది. ఫర్ టెన్ డేస్.
- సోమవారం నుంచి → సోమవారంగా. కుదరదు. సిన్స్ మండే.
- చాలా కాలం నుంచి → చాలా కాలంగా. కుదిరింది. ఫర్ ఎ లాంగ్ టైమ్.
- చిన్నప్పటి నుంచి → చిన్నప్పుడుగా. కుదరదు. సిన్స్ చైల్డ్‌హుడ్.
- గత రెండు వారాల నుంచి → గత రెండు వారాలుగా. కుదిరింది. ఫర్ ద లాస్ట్ టూ వీక్స్.
- పోయిన వారం నుంచి → పోయిన వారంగా. కుదరదు. సిన్స్ లాస్ట్ వీక్.

చివరి రెండూ మళ్ళీ చదవండి. రెండింట్లోనూ ‘లాస్ట్’ ఉంది, ‘వీక్’ ఉంది. ఇంగ్లీషు వైపు నుంచి చూస్తే తికమక తప్పదు. తెలుగు వైపు నుంచి చూస్తే చెవే చెప్పేస్తుంది.

“చివర ఇయర్స్, డేస్ లాంటి బహువచనం వస్తే ఫర్” అని కొందరు చిట్కా చెబుతారు. అది ఎక్కువసార్లు పనిచేస్తుంది కానీ ‘స్కూల్ డేస్’ దగ్గర దెబ్బ తింటుంది. “స్కూల్ రోజుల నుంచీ మేం ఫ్రెండ్స్” అనాలంటే ‘సిన్స్ అవర్ స్కూల్ డేస్’ అనే అనాలి. ‘స్కూల్ రోజులుగా మేం ఫ్రెండ్స్’ అని మనం అనం కదా. ‘గా’ ఇక్కడ కూడా సరిగ్గానే దారి చూపింది.

‘గా’ దారి తప్పించే మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. ‘ఎప్పటి నుంచో’, ‘ఇందాకటి నుంచి’. వీటికి ‘గా’ అతకదు, అయినా సిన్స్ రాదు. “ఎప్పటి నుంచో అనుకుంటున్నా” అంటే ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’. “ఇందాకటి నుంచి చూస్తున్నా” అంటే ‘ఫర్ ఎ వైల్’. మొదలైన క్షణం ఏదో చెప్పకుండా, చాలాసేపు అయిందని మాత్రమే చెబుతున్నాం కాబట్టి ఇవి ఫర్ వైపు పోతాయి.

ఇప్పుడు మీ అయిదు వాక్యాల పక్కన ఫర్ అనో సిన్స్ అనో రాయండి. మిగతా ఇంగ్లీషు జోలికి ఇంకా వెళ్ళొద్దు.

## 3. గంటల దగ్గర ఆగి ఆలోచించండి

“రెండు గంటల నుంచి వెయిట్ చేస్తున్నా.”

దీనికి తెలుగులోనే రెండు అర్థాలు. గడియారంలో రెండు కొట్టినప్పటి నుంచి అని ఒకటి, రెండు గంటల సేపుగా అని ఇంకొకటి. ఎదురుగా ఉన్నవాళ్ళకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. మెయిల్‌లో తెలియదు.

మా టీమ్‌లో ఒకసారి ఇదే జరిగింది. సాయంత్రం అయిదుకు “పేమెంట్ పేజ్ ఈజ్ నాట్ వర్కింగ్ సిన్స్ 2 అవర్స్” అని మెసేజ్ వెళ్ళింది. మేం చెప్పింది రెండు గంటల సేపుగా అని. అవతల చదివిన మనిషి మధ్యాహ్నం రెండింటి నుంచి అనుకుని, మూడు గంటలు ఆగిపోయినట్టు రిపోర్టులో రాసుకున్నారు. ఆ ఒక్క గంట లెక్క తేల్చడానికి మళ్ళీ కాల్, మళ్ళీ వివరణ.

కాబట్టి గంటల విషయంలో ఇలా చేయండి.

- గడియారం సమయమైతే ‘సిన్స్ టూ పీఎమ్’. పీఎమ్, ఏఎమ్ వదలొద్దు.
- సేపు అయితే ‘ఫర్ టూ అవర్స్’.
- సర్వర్లు, డబ్బులు, డెలివరీల వంటి విషయాలైతే రెండూ రాయండి: “ఫర్ టూ అవర్స్, సిన్స్ త్రీ పీఎమ్.”

## 4. క్రియను మార్చండి

చాలామంది ఫర్, సిన్స్ సరిచేసుకుని ఇక్కడ ఆగిపోతారు. “ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్” అంటారు. సగమే సరైంది.

తెలుగులో “పనిచేస్తున్నాను” అంటే ఇవాళ్టికీ సరిపోతుంది, మూడేళ్ళ నుంచీ సాగుతున్నదానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ‘ఐ యామ్ వర్కింగ్’ ఇప్పటి సంగతి ఒక్కటే చెబుతుంది. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతోందని చెప్పాలంటే హ్యావ్ బీన్ కావాలి. హి, షి, ఇట్ అయితే హ్యాజ్ బీన్.

- ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.
- షి హ్యాజ్ బీన్ లివింగ్ ఇన్ వైట్‌ఫీల్డ్ సిన్స్ 2022.
- ద మెట్రో హ్యాజ్ బీన్ రన్నింగ్ ఇన్ బెంగళూరు సిన్స్ 2011.

మాట్లాడేటప్పుడు ‘ఐ హ్యావ్ బీన్’ అని మూడు ముక్కలుగా నొక్కి పలకక్కర్లేదు. ‘ఐవ్ బిన్’ అని తేలిగ్గా అనేయండి. ‘బీన్’ అని సాగదీస్తే నోరు బరువెక్కి, తర్వాతి మాట దగ్గర ఆగిపోతుంది. పదిసార్లు పైకి అనండి: ఐవ్ బిన్ వర్కింగ్, ఐవ్ బిన్ వెయిటింగ్, ఐవ్ బిన్ ట్రయింగ్.

‘ఇంగ్’ పట్టని క్రియలు

నో (తెలిసి ఉండటం), హ్యావ్ (కలిగి ఉండటం), లైక్, నీడ్, బి (ఉండటం). ఇవి ఒక స్థితిని చెప్పే మాటలు. వీటికి ఇక్కడ ‘బీన్ ... ఇంగ్’ కుదరదు.

- కాలేజీ నుంచి అతను తెలుసు → ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ కాలేజ్.
- సోమవారం నుంచి జ్వరం → ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే.
- ఎయిర్‌పోర్టు 2008 నుంచి దేవనహళ్ళిలో ఉంది → ది ఎయిర్‌పోర్ట్ హ్యాజ్ బీన్ ఇన్ దేవనహళ్ళి సిన్స్ 2008.
- పెళ్ళై అయిదేళ్ళయింది → వి హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ ఫైవ్ ఇయర్స్.

‘హ్యావ్ హ్యాడ్’ వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందని చాలామంది వెనకాడతారు. అది తప్పు కాదు, అదే సరైన రూపం. డాక్టరు దగ్గర ‘ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’ అనే బదులు ‘ఐవ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అనండి.

‘లేదు’ అని చెప్పేటప్పుడు

“పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.” ‘తినలేదు’ అనగానే ‘డిడ్ నాట్ ఈట్’ వచ్చేస్తుంది. ఇక్కడ కూడా హ్యావ్ కావాలి: ఐ హ్యావెంట్ ఈటెన్ ఎనీథింగ్ సిన్స్ దిస్ మార్నింగ్. మనం ‘సిన్స్ మార్నింగ్’ అని వదిలేస్తాం. బయటివాళ్ళు ‘సిన్స్ దిస్ మార్నింగ్’ అంటారు.

## 5. సిన్స్ తర్వాత ఒక సంఘటన వస్తే

“బెంగళూరు వచ్చినప్పటి నుంచి బరువు పెరిగాను.”

సిన్స్ తర్వాత వచ్చిన సంఘటన ఒక్కసారి జరిగి అయిపోయింది. దానికి మామూలు భూతకాలం చాలు: సిన్స్ ఐ కేమ్ టు బెంగళూరు. రెండో సగానికి హ్యావ్: ఐ హ్యావ్ పుట్ ఆన్ వెయిట్. రెండు సగాల్లోనూ హ్యావ్ పెట్టొద్దు.

ఇక మన తెలుగులో ఒక అందమైన వాక్యం ఉంది: “అమ్మతో మాట్లాడి వారమైంది.” ‘నుంచి’ అన్న మాటే లేదు, కానీ ఇంగ్లీషులో సిన్స్ వస్తుంది.

- అమ్మతో మాట్లాడి వారమైంది → ఇట్స్ బీన్ ఎ వీక్ సిన్స్ ఐ స్పోక్ టు మై మదర్.
- ఈ కంపెనీలో చేరి మూడేళ్ళయింది → ఇట్స్ బీన్ త్రీ ఇయర్స్ సిన్స్ ఐ జాయిన్డ్.
- ఊరికెళ్ళి ఎన్నాళ్ళయిందో → ఇట్స్ బీన్ సో లాంగ్ సిన్స్ ఐ వెంట్ హోమ్.

“మరి త్రీ ఇయర్స్ పక్కన సిన్స్ ఉందేంటి?” అని ఇక్కడ ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఉంది, కానీ ముందు ఉంది. సిన్స్ తర్వాత ఏముందో మాత్రమే చూడండి. ‘ఐ జాయిన్డ్’: చేరిన రోజు.

ఈ అచ్చు మీ నోటికి పట్టిందంటే చాలా బాగుంటుంది. “మాట్లాడి ... అయింది”, “చేరి ... అయింది” లాంటి వాక్యం తెలుగులో తట్టిన ప్రతిసారీ ‘ఇట్స్ బీన్ ... సిన్స్ ఐ ...’ అనేయొచ్చు.

## 6. మానేసిన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు

ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

మా పీజీలో ఉండే ఒకమ్మాయి పాత కంపెనీ మానేసి ఎనిమిది నెలలైంది. ఇంటర్వ్యూలో “ఐ హ్యావ్ వర్క్డ్ ఇన్ దట్ కంపెనీ ఫర్ త్రీ ఇయర్స్” అని చెప్పింది. ఇంటర్వ్యూ చేస్తున్నాయన వెంటనే నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన గడువు) ఎంత అని అడిగారు. ఎప్పుడో మానేశానని చెప్పేసరికి, దాచిపెట్టిందేమో అన్నట్టు చూశారట. ఆ టెన్షన్‌లో తర్వాతి ప్రశ్నలు కూడా తడబడింది. రాత్రి నా గదికొచ్చి “అక్కా, నేనేం తప్పు చెప్పాను?” అని ఏడ్చింది.

ఆ పిల్ల అబద్ధం ఏమీ చెప్పలేదు. ‘హ్యావ్ వర్క్డ్ ... ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఇంకా అక్కడే ఉన్నట్టు అర్థమొస్తుంది, అంతే. అయిపోయిన పని గురించి మనం తెలుగులో “మూడేళ్ళ పాటు పనిచేశాను” అంటాం. ‘పాటు’ వచ్చిందంటే హ్యావ్ తీసేయాలి.

- మూడేళ్ళుగా పనిచేస్తున్నాను → ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.
- మూడేళ్ళ పాటు పనిచేశాను → ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్.
- 2019 నుంచి 2022 దాకా పనిచేశాను → ఐ వర్క్డ్ దేర్ ఫ్రమ్ 2019 టు 2022.

## 7. ఫ్రమ్ ఎక్కడ?

దీనికి పెద్ద కథ లేదు. ‘నుంచి ... దాకా’ జంటగా వస్తే ఫ్రమ్. రాబోయే రోజైతే ఫ్రమ్: ఫ్రమ్ టుమారో, ఫ్రమ్ నెక్స్ట్ మండే. చోటైతే ఫ్రమ్: ఫ్రమ్ మెజెస్టిక్, ఫ్రమ్ తిరుపతి. కాలం చెప్పే సిన్స్ ఎప్పుడూ వెనక్కి చూసే మాట. దానికి ‘రేపు’ లేదు, ఊళ్ళు లేవు.

## 8. సిన్స్ అంటే ‘కాబట్టి’ అయినప్పుడు

“సిన్స్ టుమారో ఈజ్ ఎ హాలిడే, లెట్స్ మీట్ టుడే.” రేపు సెలవు కాబట్టి ఇవాళే కలుద్దాం. ఇక్కడ సిన్స్‌కు కాలంతో సంబంధం లేదు, కారణం చెబుతోంది. విన్నవాళ్ళకు ముందే తెలిసిన కారణాన్ని ఇలా సిన్స్‌తో చెబితే బాగుంటుంది.

మూడు జాగ్రత్తలు.

సిన్స్ పెట్టాక ‘సో’ వద్దు. ‘సిన్స్ ఇట్ వజ్ రెయినింగ్, సో ఐ టుక్ ఎ క్యాబ్’ అంటే రెండు కాబట్టిలు పెట్టినట్టు. ఏదో ఒకటి చాలు.

‘వై?’ అని అడిగితే సిన్స్‌తో జవాబు మొదలుపెట్టొద్దు. అక్కడ బికాజ్ వాడండి.

రెండర్థాలు వచ్చేచోట బికాజ్‌కు మారిపోండి. “సిన్స్ హి లెఫ్ట్, ద టీమ్ హ్యాజ్ బీన్ స్లో.” అతను వెళ్ళినప్పటి నుంచి అనా? అతను వెళ్ళిపోవడం వల్ల అనా? మొదటిది కాలం చెబుతుంది, రెండోది టీమ్ మీద తీర్పు. మెయిల్‌లో ఇది చిన్న తేడా కాదు. కారణమే చెప్పదలిస్తే బికాజ్ అని రాయండి. కాలమే చెప్పదలిస్తే ‘సిన్స్ హి లెఫ్ట్ ఇన్ మార్చ్’ అని నెల చేర్చండి.

## 9. తరచూ దొర్లే తప్పులు, దిద్దుబాట్లు

- సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్ → ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్.
- సిన్స్ లాంగ్, సిన్స్ మెనీ డేస్ → ఫర్ ఎ లాంగ్ టైమ్, ఫర్ మెనీ డేస్.
- సిన్స్ త్రీ డేస్ బ్యాక్ → ఫర్ త్రీ డేస్. లేదా ఆ రోజు పేరు చెప్పేయండి: సిన్స్ థర్స్‌డే.
- ఐ జాయిన్డ్ సిన్స్ 2021 → ఐ జాయిన్డ్ ఇన్ 2021. చేరడం ఒక్క రోజు పని. తెలుగులో కూడా ‘2021 నుంచి చేరాను’ అనం.
- సిన్స్ వెన్ యూ ఆర్ హియర్? → హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్? ‘సిన్స్ వెన్’ అని నిలదీస్తే “ఎప్పట్నుంచేంటి ఇది?” అన్న విసురు వినిపించవచ్చు. పెద్దవాళ్ళ దగ్గర, కొత్తవాళ్ళ దగ్గర ‘హౌ లాంగ్’ మర్యాదగా ఉంటుంది.

పక్కవాళ్ళు తప్పు మాట్లాడితే నలుగురిలో దిద్దకండి. భయపడి అసలు మాట్లాడటమే మానేస్తారు. అడిగితే విడిగా చెప్పండి.

## 10. వారం రోజుల సాధన

మొదటి రెండు రోజులు: మీ అయిదు వాక్యాలను పూర్తిగా ఇంగ్లీషులోకి తెచ్చి పైకి చదవండి. ప్రతిదానికీ ఇవి చూసుకోండి:

- ‘గా’ పెట్టి చూశానా?
- పని ఇంకా సాగుతోందా, అయిపోయిందా?
- సాగుతుంటే హ్యావ్ లేక హ్యాజ్ పెట్టానా?
- గంటలైతే పీఎమ్, ఏఎమ్ రాశానా?

మూడు, నాలుగు రోజులు: కింది వాటిని జవాబులు చూడకుండా చెప్పండి.

1. ఆరు నెలలుగా ఇల్లు వెతుకుతున్నాం.
2. నిన్నటి నుంచి నీళ్ళు రావడం లేదు.
3. హైదరాబాద్‌లో రెండేళ్ళ పాటు ఉన్నాను.
4. సినిమా చూసి నెలైంది.
5. వచ్చే నెల నుంచి అద్దె పెరుగుతుంది.

జవాబులు: 1. వి హ్యావ్ బీన్ లుకింగ్ ఫర్ ఎ హౌస్ ఫర్ సిక్స్ మంత్స్. 2. దేర్ హ్యాజ్ బీన్ నో వాటర్ సిన్స్ యెస్టర్‌డే. 3. ఐ లివ్డ్ ఇన్ హైదరాబాద్ ఫర్ టూ ఇయర్స్. 4. ఇట్స్ బీన్ ఎ మంత్ సిన్స్ ఐ సా ఎ మూవీ. 5. ద రెంట్ విల్ గో అప్ ఫ్రమ్ నెక్స్ట్ మంత్.

మొదటిదాంట్లో ఫర్ రెండుసార్లు వచ్చిందని కంగారు పడొద్దు. ఒకటి ‘ఇల్లు కోసం’, రెండోది ‘ఆరు నెలలుగా’.

అయిదు, ఆరు రోజులు: నిజంగా వాడండి. ఓనర్ ఆంటీకి నీళ్ళ సంగతి, మేనేజర్‌కు పని సంగతి, ఏదైనా సరే, రోజుకు రెండు వాక్యాలు. ముందు తెలుగులో అనుకుని, ‘గా’ చూసుకుని, అప్పుడు నోరు తెరవండి. మొదట్లో ఒక్క క్షణం ఆలస్యమవుతుంది, ఎవరూ పట్టించుకోరు.

ఏడో రోజు: మీరు పంపిన పాత మెయిల్స్ తెరిచి, సిన్స్ అన్న మాట కోసం వెతకండి. కనిపించిన ప్రతి వాక్యాన్నీ కాగితం మీద దిద్దండి. మూడు నాలుగు మెయిల్స్ అయ్యేసరికి మీ తప్పు ఎప్పుడూ ఒకే చోట పడుతోందని కనబడుతుంది. కొందరికి ‘లాస్ట్ త్రీ ఇయర్స్’ దగ్గర, కొందరికి హ్యావ్ మరిచిపోవడంలో. ఆ ఒక్క వాక్యాన్ని సరిచేసి, ఫోన్‌లో రోజూ కంటపడే చోట రాసి పెట్టుకోండి.